చదువు, అప్పు, కొలువు: కడప జిల్లా పడమటి మండలాల్లో మహిళా సమాఖ్యలు

ప్రొద్దుటూరుది బంగారం, బట్టల వ్యాపారం. జమ్మలమడుగు చుట్టుపక్కల మగ్గాలు, నాపరాళ్లు, సిమెంటు. పులివెందులలో అరటి, చీనీ తోటలు. బతుకుతెరువులు వేరైనా పేదింట్లో చదువు చిక్కుల్లో పడే నెల మూడు చోట్లా ఒకటే, జూన్. ఫీజులు, పుస్తకాలు, విత్తనాలు అన్నీ ఒక్కసారే మీద పడతాయి. అందుకే ఈ ప్రాంతంలో పేదరికం మీద పోరును బడి దగ్గర కాక అప్పు దగ్గర మొదలుపెట్టి చూడాలని నా అభిప్రాయం.

గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) 2000లో ఏర్పడింది. అది నడిపిన వెలుగు పథకం మొదట ఆరు జిల్లాలకే పరిమితం. కడపకు ఆ తర్వాతే వచ్చింది. మహిళల పొదుపు సంఘాలు కలిసి గ్రామ సంఘం, గ్రామ సంఘాలు కలిసి మండల సమాఖ్య. సభ్యులే నడుపుకునే సంస్థలివి, లాభాపేక్ష లేనివి. సర్కారు నీడ మాత్రం వాటిని ఏనాడూ వదల్లేదు.

లెక్క చూద్దాం. నూటికి మూడు రూపాయల వడ్డీకి బయట 20,000 తెస్తే నెలకు 600 వడ్డీకే పోతుంది. 2004 తర్వాత వచ్చిన పావలా వడ్డీ పథకంలో అదే అప్పుకు నెలకు 50. అయితే బ్యాంకు ముందు పూర్తి వడ్డీ కట్టించుకునేది. వాయిదా తప్పనివారికే పావలాకు మించిన సొమ్ము తర్వాత తిరిగొచ్చేది. తీర్మానం పుస్తకంలో పాడిగేదెకని రాసిన అప్పు కాలేజీ ఫీజుకు పోవడం సంఘాల్లో తెలియనిది కాదు. అధికారులు దాన్ని దుర్వినియోగం అనొచ్చు, నేననను. 2009లో వచ్చిన అభయహస్తం పథకం పొదుపుకూ చదువుకూ ఉన్న ఈ బంధాన్ని బాహాటంగానే ఒప్పుకుంది: రోజుకో రూపాయి దాచే సభ్యురాలికి ముసలితనంలో పింఛను, తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే పిల్లలకు ఏడాదికి 1,200 ఉపకారవేతనం.

ఫీజు అప్పుతో అంతా తీరదు. జమ్మలమడుగు పక్కనున్న మోరగుడి లాంటి నేతపల్లెల్లో మగ్గం ఒక్కరి పని కాదు. మగవాడు గుంటలో కూర్చుని నేస్తుంటే ఇంటి ఆడవాళ్లు కండెలు చుడతారు, పడుగు సరిచేస్తారు. కూతురు కాలేజీకి పోతే కండెలు చుట్టే చెయ్యి ఒకటి తగ్గుతుంది. ఆ మేరకు చీర దిగడం ఆలస్యమవుతుంది, కూలీ ఆలస్యమవుతుంది. ఈ నష్టానికి ఏ పథకంలోనూ పద్దు లేదు.

కొలువుల దగ్గర సమాఖ్యల బలం ఇంకా పలచన. 2005లో మొదలైన ఉపాధి కల్పన, మార్కెటింగ్ మిషన్ పల్లె యువతకు కొద్ది నెలల శిక్షణ ఇచ్చి దుకాణాల్లో, సెక్యూరిటీ పనుల్లో, కాల్‌సెంటర్లలో చేర్చింది. ఆ ఉద్యోగాలు ఎక్కువగా నగరాలవే. మొదటి జీతంలో గది అద్దెకు, తిండికి పోగా ఇంటికి పంపేది ఎంత? 2008లో ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ తెరిచారు. సర్కారు బడి పిల్లలకు ప్రవేశాల్లో అదనపు పాయింట్లు ఇచ్చి మంచి దారే వేశారు గానీ, ఆ దారి కూడా బెంగళూరుకో హైదరాబాదుకో పోయేదే.

ఊళ్లో ఉన్న పనుల తీరు వేరు. ప్రొద్దుటూరు బంగారు అంగడిలో కొలువు దొరకాలంటే తెలిసినవాళ్ల పూచీ కావాలి. చిలంకూరు, చిన్నకొమెర్ల సిమెంటు ఫ్యాక్టరీల్లో కూలిపని కాంట్రాక్టరు చేతిలో ఉంటుంది. బ్యాంకు మేనేజరు ఎదుట కూర్చుని బేరమాడడం నేర్చిన సమాఖ్యకు ఇక్కడ ఆ పట్టు లేదు. బ్యాంకుకు సంఘాల వాయిదాలు కావాలి. కాంట్రాక్టరుకు వాటితో పనిలేదు.