పాత కారుకు ఎక్స్‌టెండెడ్ వారంటీ.. క్లెయిమ్ ఎక్కడ ఆగుతుంది?

సెకండ్ హ్యాండ్ కారుతో పాటు వారంటీ కూడా తీసుకుంటున్నారా? ‘అన్నీ కవరే సార్’ అంటారు. కాగితం అలా అనదు. సంతకానికి ముందే ‘వర్తించనివి’ పేజీ చదవండి. ఇంజిన్, గేర్‌బాక్స్‌కు కవర్ ఉన్నా.. క్లచ్ ప్లేట్లు, బ్రేక్ ప్యాడ్లు, టైర్లు, బ్యాటరీకి సాధారణంగా ఉండదు. చాలా గొడవలు ఇక్కడే మొదలవుతాయి. వాననీళ్లు చేరి ఇంజిన్ పోతే అది వారంటీ కిందకు రాదు. బీమాలో ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ ఉందో లేదో చూసుకోండి.

ఒక్క సర్వీసు గడువు దాటినా క్లెయిమ్ తిరస్కరించవచ్చు. అనుమతి రాకముందే బయటి మెకానిక్‌తో ఇంజిన్ విప్పించారో, బిల్లు మీ మీదే పడుతుంది.

క్లెయిమ్ కాదంటే కారణం రాతపూర్వకంగా అడగండి. తర్వాత 1915కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే 2 ఏళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. ఇ-జాగృతి పోర్టల్‌లోనూ ఫిర్యాదు వేయొచ్చు. మీరు చెల్లించిన మొత్తం రూ.5 లక్షల వరకైతే ఫీజు లేదు. లాయర్ కూడా తప్పనిసరి కాదు.