బ్రౌజరు నత్తనడక: తప్పు ఎవరిది?

లాప్‌టాపులో బ్రౌజరు ముక్కుతూ మూలుగుతూ నడుస్తోందని ఆఫీసు క్యాంటీనులో ఎవరైనా అన్నారనుకోండి, ఓ అరడజను సలహాలు ఉచితంగా దొరుకుతాయి. కాషె ఖాళీ చెయ్యి. ర్యామ్ పెంచు. ఓసారి మూసి తెరువు. ఆ బ్రౌజరు పీకేసి ఇంకోటి వేసుకో. ఇవేవీ కుదరకపోతే ఫార్మాట్ కొట్టు. సాఫ్టువేరు రాసి బతికేవాళ్ళమే, మన దగ్గరా ఇవే సలహాలు. గమ్మత్తేంటంటే వీటిలో ప్రతిదానికీ ఒక కాలం ఉంది. ఆ కాలంలో అది నిజంగానే పనిచేసింది. తర్వాత రోగం మారిపోయింది, మందు మాత్రం అదే మిగిలింది. ఆ రోగాల చరిత్ర రాయాలని ఎప్పటినుంచో అనుకుంటున్నా.

మొదట్లో ఆలస్యమంతా తీగలోనే ఉండేది. మొజాయిక్ 1993లో వచ్చింది, నెట్‌స్కేప్ నావిగేటర్ 1994 డిసెంబరులో. బొమ్మలన్నీ దిగేదాకా ఆగకుండా వచ్చిన అక్షరాలు వచ్చినట్టు చూపించడమే నెట్‌స్కేప్ వేగంగా అనిపించడానికి పెద్ద కారణం. మన దేశంలో వీఎస్ఎన్ఎల్ 1995 ఆగస్టు 15న మామూలు జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది. డయలప్ మోడెము కూతలు విన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, అప్పట్లో ప్రాసెసరు ఖాళీగా కూర్చుని మోడెము మొహం చూస్తూ ఉండేది. కాషె పుట్టిందే ఒకసారి తెచ్చుకున్నది మళ్ళీ తెచ్చుకోకుండా ఉండటానికి. మరి కాషె ఖాళీ చేస్తే వేగం ఎలా పెరుగుతుందో నాకెప్పుడూ అర్థం కాదు. అది పాడైపోయినప్పుడో, డిస్కు నిండిపోయినప్పుడో తప్ప, ఆ సలహా ఇంట్లో సరుకులు పారబోసి మళ్ళీ బజారుకి వెళ్ళడం లాంటిది.

తర్వాత ఆలస్యం తీగలోంచి దిగి మన డబ్బాలోకి వచ్చింది. జావాస్క్రిప్టు మొదటి రూపాన్ని 1995లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో రాశాడన్న సంగతి అందరికీ తెలిసిందే. అప్పుడు దాని పని ఫారంలో ఖాళీ గడి ఉంటే గోల చెయ్యడం, బటను మీద మౌసు పెడితే రంగు మార్చడం. అంతమాత్రానికి వేరే థ్రెడ్ ఎందుకని బ్రౌజరు గీసుకునే పని, మన క్లిక్కులు వినే పని, స్క్రిప్టు నడిపే పని అన్నీ ఒకే వరసలో నిలబెట్టారు. 2004 ఏప్రిల్ 1న జీమెయిల్, 2005 ఫిబ్రవరిలో గూగుల్ మ్యాప్స్ వచ్చాయి. అదే ఫిబ్రవరిలో ఈ పద్ధతికి ఏజాక్స్ అని పేరు పడింది. ఇక వెబ్‌పేజీ కాస్తా ప్రోగ్రాము అయి కూర్చుంది. ఒక ట్యాబులో స్క్రిప్టు మొరాయిస్తే మెనూ కూడా తెరుచుకోదు. "ఈ పేజీలో స్క్రిప్టు ఎక్కువసేపు నడుస్తోంది, ఆపమంటారా?" అని బ్రౌజరే మనల్ని అడిగేది. ఆపితే పేజీ చచ్చేది, ఆపకపోతే మనం :)

ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 కథ వేరు. 2001లో వచ్చింది, ఏడో వెర్షను వచ్చేసరికి 2006 అక్టోబరు అయింది. ఆ ఐదేళ్ళలో కంపెనీల లోపలి అప్లికేషన్లు ఎన్నో దానికోసమే రాశారు. అందులో ఇద్దరు గుమాస్తాలు ఉండేవారనుకోండి. స్క్రిప్టులోని వస్తువుల లెక్క ఒకడిది, పేజీలోని వస్తువుల లెక్క ఇంకొకడిది. స్క్రిప్టు వస్తువు పేజీ వస్తువుని పట్టుకుని, పేజీ వస్తువు తిరిగి దాన్నే పట్టుకుంటే, "అవతలివాడికి ఇంకా కావాలేమో" అని ఇద్దరూ దేన్నీ వదిలేవారు కాదు. పేజీ వదిలి వెళ్ళిపోయినా మెమరీ తిరిగి వచ్చేది కాదు. బ్రౌజరు మొత్తం మూస్తేనే వచ్చేది. "మూసి తెరువు" సలహా కాలం ఇదే.

ఫైర్‌ఫాక్సు దీనికి మందుగా వచ్చి, కొన్నాళ్ళకి తనూ అదే రోగి అనిపించుకుంది. మన తెలుగువాళ్ళకి దానితో ఇంకో బంధం ఉంది. ఈనాడు లాంటి పత్రికలు యూనికోడులో కాకుండా సొంత ఫాంట్లలో వచ్చేవి. వాటిని యూనికోడులోకి మార్చి చూపించే పద్మ అనే పొడిగింత ఫైర్‌ఫాక్సుకి ఉండేది. అంటే పొడిగింతలు మనకి సోకు కాదు, అవసరం. ఫైర్‌ఫాక్సు 3లో మెమరీ కేటాయింపు పద్ధతి మార్చారు, పైన చెప్పిన లాంటి చక్రాల ముళ్ళు విప్పే యంత్రాంగం పెట్టారు. ఆ తర్వాత 2011లో మెమ్‌ష్రింక్ అనే ప్రాజెక్టు మొదలుపెట్టి వెతికితే, లీకుల్లో చాలావాటికి మూలం పొడిగింతల్లో తేలింది. మూసేసిన ట్యాబులని అవి పట్టుకుని వేలాడేవి. 2012 ఆగస్టులో వచ్చిన 15వ వెర్షను వాటి చేతులు బలవంతంగా విడిపించింది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన కేసు. 2008 ఏప్రిల్లో ఉబుంటు 8.04 ఫైర్‌ఫాక్సు 3 బీటాతో విడుదలైంది. వెనకాల పెద్ద ఫైలు కాపీ అవుతున్నప్పుడు లింకు నొక్కితే చాలు, బ్రౌజరు కొన్ని సెకన్లు బిగుసుకుపోయేది. ప్రాసెసరు ఖాళీ. ర్యామ్ ఖాళీ. నెట్టు బ్రహ్మాండం. మరేంటి?

ఫైర్‌ఫాక్సు 3లో చరిత్ర, బుక్‌మార్కులు ఎస్‌క్యూలైట్ డేటాబేసులోకి మారాయి. మనం పేజీ తెరిచినప్పుడల్లా అందులో ఓ చిన్న రాత. కరెంటు పోయినా డేటాబేసు చెడిపోకూడదు కదా, అందుకని ఎస్‌క్యూలైట్ రాసినదాన్ని డిస్కులోకి నిజంగా దించమని ఎఫ్‌సింక్ అడుగుతుంది. పుస్తకంలో చెప్పినట్టే చేసింది, వంక పెట్టడానికి లేదు. అయితే కింద ఉన్నది ఈఎక్స్‌టీ3 ఫైల్‌సిస్టమ్. దాని మామూలు పద్ధతిలో ఒక్క చిన్న ఫైలుని దించమంటే, అప్పటిదాకా రాయకుండా పేరుకున్న మిగతా ఫైళ్ళ డేటా కూడా దాదాపుగా దించాల్సిందే. నాలుగు ముక్కల చరిత్ర రాయడం కోసం వెనకాల కాపీ అవుతున్న సినిమా ఫైలంతా డిస్కెక్కేదాకా ఆగాలి. ఆ ఆగేది ఎవరు? మన క్లిక్కులు వినే అదే థ్రెడ్! లాప్‌టాపుల్లో ఇంకో బాధ, బ్యాటరీ ఆదా కోసం నిద్రపుచ్చిన డిస్కుని ప్రతి క్లిక్కూ లేపేస్తుంది.

దీనిమీద పెద్ద తగాదానే జరిగింది. ఫైల్‌సిస్టమ్ అలా ఉంటే మేమేం చేస్తామని ఒకరు, క్లిక్కు క్లిక్కుకీ ఎఫ్‌సింక్ చెయ్యమని ఎవడు చెప్పాడని ఇంకొకరు. విడివిడిగా చూస్తే ముగ్గురిదీ తప్పు కాదు. ముగ్గురూ ఒకచోట చేరితేనే జనానికి తిప్పలు. చివరికి ఫైర్‌ఫాక్సు ఎఫ్‌సింకులు తగ్గించుకుంది, లినక్సు జనం మెల్లగా ఈఎక్స్‌టీ4కి మారారు. ఈ సమస్యకి ర్యామ్ పెంచినవాళ్ళ పరిస్థితి ఆలోచించండి. రాయకుండా పేరుకునే డేటాకి ఇంకా ఎక్కువ చోటు ఇచ్చినట్టే కదా!

ఆ ఏడాదే సెప్టెంబరు 2న క్రోమ్ వచ్చింది. డెన్మార్కులో లార్స్ బాక్ బృందం రాసిన వీ8 ఇంజను గురించి అందరూ మాట్లాడారు గానీ, నా లెక్కలో అసలు గొప్పదనం ట్యాబుకో ప్రాసెసు ఇవ్వడం, దాంతోపాటు బ్రౌజరులోనే ఒక టాస్క్ మేనేజరు పెట్టడం. షిఫ్టు, ఎస్కేప్ కలిపి నొక్కితే ఏ ట్యాబు ఎంత తింటోందో కనిపిస్తుంది. అప్పటిదాకా "బ్రౌజరు స్లో" అన్న మాట ఒకటే, ముద్దాయి పేరు ఉండేది కాదు. ఫైర్‌ఫాక్సు ఇదే పని 2009లో మొదలుపెట్టి 2016 ఆగస్టులో 48వ వెర్షనుతో జనానికి ఇవ్వడం మొదలుపెట్టింది. 2017 నవంబరులో క్వాంటమ్ వచ్చినప్పుడు పాతతరం పొడిగింతలన్నీ పోయాయి. ప్రాసెసులు విడగొట్టినందుకు కట్టాల్సిన ధర మెమరీ. 2018లో స్పెక్టర్ బయటపడ్డాక క్రోమ్ ఒక్కో సైటునీ ఒక్కో ప్రాసెసులో బంధించింది, దానికి 10 నుంచి 13 శాతం మెమరీ అదనంగా పడుతుందని గూగులే చెప్పింది. ర్యామ్ పెంచమనే సలహా చరిత్రలో అన్నిటికన్నా ఎక్కువ చెల్లేది ఈ కాలంలోనే.

ఈలోగా గీసే పని ప్రాసెసరు నుంచి గ్రాఫిక్స్ చిప్పుకి మారింది. స్క్రోలు నున్నగా జారాలంటే సెకనుకి 60 బొమ్మలు, అంటే ఒక్కోదానికి 16.7 మిల్లీసెకన్లు. లాప్‌టాపులో డ్రైవరు పాతదైతే బ్రౌజరు దాన్ని నమ్మదు, తన దగ్గరున్న నల్లజాబితా చూసి మారుమాట్లాడకుండా గీసే పని మళ్ళీ ప్రాసెసరుకే అప్పజెప్తుంది. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. స్క్రోలు కుదుపులు కుదుపులుగా వస్తుంది, ఫ్యాను కూస్తుంది, అంతే. వీడియోలదీ ఇదే తంతు. యూట్యూబు వీపీ9 కోడెక్‌కి మారినప్పుడు, దాన్ని విప్పే హార్డువేరు లేని లాప్‌టాపులు ఆ పనంతా ప్రాసెసరుతో చేయించాయి. లాప్‌టాపు మారలేదు, బ్రౌజరు మారలేదు, నిన్నటిదాకా ఆడిన వీడియో ఇవాళ ముక్కలు ముక్కలు. పాత కోడెక్కే పంపమని యూట్యూబుని అడిగే పొడిగింత ఒకటి ఇందుకే పుట్టింది.

2018లో గూగుల్ ఇంజనీరు బ్రూస్ డాసన్ తన 24 కోర్ల యంత్రంలో ఈమెయిలు టైపు చెయ్యలేకపోయాడు. జీమెయిల్ కొట్టుకుంటూ ఆగుతోంది. ఆయన ట్రేసు తీసి చూస్తే కథ ఇదీ: వీ8 భద్రత కోసం తన కోడుని ప్రతిసారీ కొత్త చిరునామాలో పెడుతోంది. విండోస్ కూడా భద్రత కోసమే ఆ చిరునామాలకి గుర్తులు రాసుకుంటోంది, పాతవి చెరపదు. ఆ గుట్ట పెరిగి పెరిగి, ఆఫీసు యంత్రాల లెక్కలు తీసే ప్రోగ్రాము వచ్చి దాన్నంతా తవ్వుతుంటే తాళం పడిపోయి బ్రౌజరు గుమ్మంలో నిలబడుతోంది. వీ8 పాత చిరునామాలనే మళ్ళీ వాడుకునేలా మార్చి సరిచేశారు. మన ఆఫీసు లాప్‌టాపుల్లో ఇలా లెక్కలు తీసే ప్రోగ్రాములు ఎన్ని ఉంటాయో మీరే లెక్కపెట్టుకోండి.

అందుకే నేను ముందు బ్రౌజరు టాస్క్ మేనేజరు చూస్తా. అక్కడ దొంగ దొరక్కపోతే పొడిగింతలు లేని కొత్త ప్రొఫైలు. తర్వాత గ్రాఫిక్స్ పని ఎవరు చేస్తున్నారో బ్రౌజరు చెప్పే పేజీ. ఆ తర్వాతే మొత్తం సిస్టమ్ టాస్క్ మేనేజరు, అందులో బ్రౌజరు వరసని వదిలేసి మిగతా వరసలు. ఈ ఆఖరి మెట్టు దాకా ఎవరూ రారు.

దానికి మంచి సాక్ష్యం విండోస్ డిఫెండరు. ఫైర్‌ఫాక్సు నడుస్తుంటే డిఫెండరు ప్రాసెసరుని విపరీతంగా తింటోందని 2018లో మొజిల్లా బగ్ పట్టికలో ఫిర్యాదు నమోదైంది. మెమరీ అనుమతులు మార్చే ఒక పిలుపుని ఫైర్‌ఫాక్సు ఎక్కువగా చేస్తుంది. అలాంటి ప్రతి పిలుపు దగ్గరా డిఫెండరు అక్కర్లేని లెక్కలన్నీ చేసేది. మైక్రోసాఫ్ట్ దాన్ని సరిచేసింది 2023 వసంతంలో. ఫైర్‌ఫాక్సులో బ్రౌజు చేస్తున్నప్పుడు డిఫెండరు ప్రాసెసరు వాడకం దాదాపు 75 శాతం తగ్గుతుందని మొజిల్లావాళ్ళు చెప్పారు. మధ్యలో ఐదేళ్ళు. ఆ ఐదేళ్ళలో ఫ్యాను మోత భరించలేక ఫైర్‌ఫాక్సు వదిలి క్రోమ్‌కి పోయినవాళ్ళకి తేడా నిజంగానే కనిపించి ఉంటుంది, ఎందుకంటే క్రోమ్ ఆ పిలుపు అంతగా చెయ్యదు.