ఎలుగు ముక్కుతాడు, డాల్ఫిన్ కొలను: అనంతపురం పీఠభూమి నుంచి ఒక పరిశీలన

2013 మే నెలలో కేంద్ర జంతు ప్రదర్శనశాలల ప్రాధికార సంస్థ రాష్ట్రాలకు ఒక సర్క్యులర్ పంపింది. డాల్ఫినేరియంల స్థాపనకు అనుమతి ఇవ్వరాదన్నది దాని సారం. డాల్ఫిన్ల మేధాశక్తి దృష్ట్యా వాటిని ‘మానవేతర వ్యక్తులు’గా చూడాలన్న శాస్త్రవేత్తల అభిప్రాయాన్ని అందులో ప్రస్తావించారు. 1998లో చెన్నై సమీపంలోని ఒక వినోద కేంద్రానికి బల్గేరియా నుంచి తెచ్చిన డాల్ఫిన్లు కొద్ది నెలలకే మరణించిన ఉదంతం అప్పటికే ఉంది.

సముద్రానికి దూరమైన అనంతపురం పీఠభూమిలో ఇదే నైతిక ప్రశ్న ఎలుగుబంటి రూపంలో తలెత్తింది. 1882 వరకు ఈ ప్రాంతం బళ్ళారి జిల్లాలో భాగం. ఇరువైపులా ఉన్న గుండ్రాళ్ళ గుట్టలు ఎలుగుల నివాసాలు; 1994లో బళ్ళారి వైపున దరోజీ ఎలుగుల అభయారణ్యం ఏర్పడింది. ఎలుగును ఆడించి బతికినవారు కలందర్లు. తల్లిని చంపి పిల్లను పట్టడం, కాల్చిన సూదితో మూతికి రంధ్రం చేసి తాడు దూర్చడం, పళ్ళు ఊడగొట్టడం ఆ శిక్షణలోని ఘట్టాలు. తెలుగు పల్లెల్లో పిల్లల భయం పోతుందని ఎలుగుమీద కూర్చోబెట్టేవారు, దాని వెంట్రుకలతో తాయెత్తు కట్టేవారు. కాబట్టి ప్రేక్షకుడూ ఆ తాడులో ఒక పోగే.

చెన్నైకి డాల్ఫిన్లు వచ్చిన ఆ 1998లోనే, అక్టోబరు 14న, 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద ఎలుగులు, కోతులు, పులులు, చిరుతలు, సింహాల ప్రదర్శనను కేంద్రం నిషేధించింది. సర్కస్ యజమానులు వృత్తి స్వేచ్ఛను ఆశ్రయించారు. 2001 మే 1న ఎన్.ఆర్. నాయర్ కేసులో సుప్రీంకోర్టు నిషేధాన్నే సమర్థించింది. ఇక్కడ తెలివి ప్రసక్తి లేదు, ఆధారం బాధ. ఈ తేడా చిన్నది కాదు. మేధను కొలబద్దగా తీసుకుంటే డాల్ఫిన్ గెలుస్తుంది; ఎలుగు సంగతి సందేహమే, గంగిరెద్దు మాట చెప్పనక్కరలేదు. బాధను కొలబద్దగా తీసుకుంటే మూడూ ఒకే వరుసలో నిలుస్తాయి. డాల్ఫిన్ సర్క్యులర్ వాదన ఆకర్షణీయమైనదే గాని, ఇరుకైనది.

మరొక తేడా కూడా ఉంది. డాల్ఫిన్ కొలను పెట్టాలనుకున్నవారు పెట్టుబడిదారులు. వారిని ఆపితే ఏ ఇంటా పొయ్యి ఆరలేదు. ఎలుగు నిషేధం మాత్రం కలందర్ కుటుంబాల కూటిమీద పడింది. జంతు సంరక్షణ సంస్థలు వారికి ప్రత్యామ్నాయ జీవనోపాధి చూపుతూ ఎలుగులను అప్పగింపజేసుకున్నాయి. చివరి ఆట ఎలుగు 2009లో బయటికి వచ్చిందని వైల్డ్‌లైఫ్ ఎస్‌ఓఎస్ ప్రకటించింది. నైతికతకు కొంత భారం ఉంటుంది. ఇక్కడ దాన్ని పేదలే ముందు మోశారు.

విడిపించిన ఎలుగులు కూడా గుట్టలకు తిరిగి వెళ్ళలేదు. పళ్ళు లేనివి, వేట మరచినవి అడవిలో బతకవు. బన్నేరుఘట్ట వంటి కేంద్రాల ఆవరణలలోనే వాటి శేషజీవితం. చెరలో పెరిగిన డాల్ఫిన్ల సమస్యా ఇదే జాతికి చెందినది: పట్టుకోవడం ఆపవచ్చు, పట్టుకున్నదాన్ని వెనక్కి పంపడం అన్నివేళలా సాధ్యం కాదు.

కల్యాణదుర్గం, రాయదుర్గం గుట్టల్లో తాడు ఎరుగని ఎలుగులు ఇప్పటికీ ఉన్నాయి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకోవలసిన ఈ నేలమీద, ఎండాకాలంలో అవి నీటికోసం ఊళ్ళలోకి దిగుతాయి. వాటిని చూడటానికి జనం గుమికూడుతారు.