కలమును చెక్కుకొను హక్కు: స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ చరిత్ర

హైదరాబాదు పాతనగరములో, చార్మినారునకు కొలది దూరములో ఛత్తా బజారు ఉన్నది. పెండ్లి పత్రికలు అచ్చువేయు ముద్రణాలయములకును, ఉర్దూ లిపిని అందముగా వ్రాయు కాతిబులకును అది చిరకాలము పేరుపొందినది. 20వ శతాబ్ది చివరి దశకములలో కంప్యూటరు ప్రవేశించుటతో రెల్లుకలము పని చాలవరకు తగ్గిపోయినది. ఈ మార్పులో ఒక ప్రశ్న ఇమిడియున్నది. కాతిబు తన కలమును తానే చెక్కుకొనెడివాడు. మొన అరిగినచో తానే సరిచేసుకొనెడివాడు. కంప్యూటరు విషయములో దానిని కొన్నవానికి అట్టి అధికారము కలదా?

కంప్యూటరులోని స్మృతి, తెర, మీటల పలక, ముద్రణ యంత్రము మొదలగువాని నన్నిటిని సమన్వయపరచి నడిపించు ప్రోగ్రాముల సముదాయమే ఆపరేటింగ్ సిస్టమ్. మనుష్యులు చదువదగిన భాషలో వ్రాసిన ప్రోగ్రామును మూలసంకేతమందురు. కొందరు ఉత్పత్తిదారులు దీనిని దాచియుంచి, యంత్రము గ్రహించు రూపమును మాత్రమే విక్రయింతురు. అప్పుడు వాడువాడు దానిని పరిశీలింపలేడు, మార్పలేడు.

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనువారు యూనిక్స్ అను వ్యవస్థను ప్రారంభించిరి. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్, యూనిక్స్‌ను పోలినదియు, అందరికి స్వేచ్ఛగా లభించునదియు అగు వ్యవస్థను నిర్మింతునని ప్రకటించి, దానికి గ్నూ అని పేరిడెను. ప్రోగ్రామును నడుపుట, పరిశీలించుట, ఇతరులకు పంచుట, మెరుగుపరచి ప్రకటించుట అను నాలుగు హక్కులు ఈ ఉద్యమమునకు పునాదులు. ఇంగ్లీషులో ఉచితమునకును, స్వేచ్ఛకును ఒకే మాట వాడుటచే అపార్థము కలుగుచుండును. తెలుగులో ఆ చిక్కు లేదు. వెల లేకపోవుట ఇందు ముఖ్యము కాదు. హక్కు ఉండుటయే ముఖ్యము.

గ్నూలో పెక్కు ఉపకరణములు సిద్ధమైనను, యంత్రముతో నేరుగా వ్యవహరించు కేంద్రభాగము, అనగా కెర్నెల్, పూర్తి కాలేదు. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్, తన 21వ యేట, అట్టి కెర్నెల్‌ను వ్రాసి ప్రకటించెను. అదియే లినక్స్. మొదటి రూపమున దానిలో సుమారు 10 వేల పంక్తులు మాత్రమే ఉండెను. 1992లో అది గ్నూ అనుమతిపత్రము క్రిందికి వచ్చుటతో రెండును కలిసి సంపూర్ణ వ్యవస్థ యేర్పడెను.

అదే 1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణములో తెలుగు లిపికి 128 స్థానములు కేటాయింపబడినవి. అయితే సంఖ్యలు కేటాయించినంత మాత్రమున తెరపై అక్షరము కనబడదు. క, పొల్లు, ష అను మూడు సంకేతములు వరుసగా వచ్చినపుడు ‘క్ష’ అను ఒకే రూపమును చూపవలెను. ఉర్దూ నస్తాలీఖ్ లిపిలోనైతే అక్షరము ప్రక్కనున్న అక్షరమును బట్టి ఆకారము మార్చుకొనుచు, ఏటవాలుగా క్రిందికి దిగును. మూలసంకేతము తెరచియున్న వ్యవస్థలో ఇట్టి లోపములను ఆ భాష తెలిసినవారే దిద్దగలరు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన అను ఖతులు స్వేచ్ఛానుమతితో లభించి లినక్స్‌లో తెలుగునకు తోడ్పడినవి. 2005లో హైదరాబాదు కార్యకర్తల కృషితో ‘స్వేచ్ఛ’ అను తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ వెలువడెను. ‘దస్త్రము’, ‘భద్రపరచు’ వంటి మాటలు తెరపైకి ఎక్కుట ఇట్టి స్వచ్ఛంద అనువాదకుల ఫలమే. 2007లో కేంద్రప్రభుత్వ సంస్థయగు సీడాక్, బాస్ అను లినక్స్ వ్యవస్థను భారతీయ భాషలలో అందించెను.

క్రొత్తగా ప్రయత్నించువారి మొదటి భయము, ఉన్న సమాచారము పోవునేమోనని. 2000లో జర్మనీకి చెందిన క్లాస్ నాపర్ విడుదల చేసిన క్నాపిక్స్ ఈ భయమును తగ్గించెను. దానిని సి.డి. నుండియే నడుపవచ్చును, కంప్యూటరులోని డిస్కును ముట్టనక్కరలేదు. నేడు యు.ఎస్.బి. కడ్డీతో అట్లే చేయవచ్చును. సాధారణముగా యంత్రమును ఆపివేయగానే ఆ ప్రయోగము జాడ లేకుండ పోవును. పాత వ్యవస్థ యథాతథముగా ఉండును. ధ్వని, ముద్రణ యంత్రము, వైఫై పనిచేయుచున్నవో లేదో ముందుగా ఇట్లు పరీక్షించుకొనవలెను. స్థిరముగా స్థాపింపదలచినచో మాత్రము ముఖ్యమైన దస్త్రముల నకలు వేరొకచోట దాచుకొనుట తప్పనిసరి. డిస్కును భాగించుటలో పొరపాటు జరిగినచో అందున్నదంతయు చెరిగిపోవచ్చును.

పాఠశాలలో ఒక పాత కంప్యూటరుపై ఈ ప్రయోగము చేయించిన ఉపాధ్యాయుడు విద్యార్థులకు కేవలము మీటలు నొక్కుట నేర్పుటలేదు. తన భాషలో ఒక మాట తప్పుగా కనబడినపుడు ఆ తప్పునకు కారణము వెదకి, దిద్ది, ఆ దిద్దుబాటును లోకమునకు పంపవచ్చునని చూపుచున్నాడు. తెలుగు చదివిన బాలునికైనను, ఉర్దూ చదివిన బాలికకైనను ఈ ద్వారము సమానముగా తెరచియున్నది. ఛత్తా బజారు కాతిబునకు తన కలముపై ఉండిన హక్కు ఇట్లు కంప్యూటరు ముందు కూర్చున్న విద్యార్థికి తిరిగి లభించుచున్నది.