మస్టరు కూలీకీ కాన్పు సెలవు

పొదుపులు, బ్యాంకు లింకేజీ, కిస్తీల వసూలు లెక్కలు అయిపోయాక ఒక చరిత్ర వ్యాసం వేసుకోవడం మన సమాఖ్య నివేదికలో అలవాటే. ఈసారి ఏ విషయం రాయాలో మేము వెతుక్కోలేదు. అది మన కొనుగోలు కేంద్రంలోనే దొరికింది.

పోయిన యాసంగిలో ఎనిమిదో నెల కడుపుతో ఉన్న సభ్యురాలొకరు వడ్లు ఎత్తి సంచుల్లో పోసే పనికి వచ్చారు. "అమ్మా, నువ్వు ఇంటికాడ ఉండు, ఏమన్నా అయితే మా మీదికి వస్తది" అని చెప్పి పంపించేశాం. మంచి పనే చేశామనుకున్నాం. ఆ సీజనంతా ఆమెకు కూలి లేదు. రెండు నెలల తర్వాత గ్రామ సంఘం సమావేశంలో ఆమె పేరు కిస్తీ బాకీల జాబితాలో చదివారు. పని నుంచి పంపించిందీ మేమే, బాకీ అని రాసిందీ మేమే. ఆ రోజు ఎవరూ గట్టిగా మాట్లాడలేదు గానీ, ఇంటికొచ్చాక మాలో చాలామందికి అది మనసులో ముల్లులా ఉండిపోయింది.

కడుపుతో ఉన్నప్పుడు బరువు పని చేయకపోవడం, చేయకపోయినా పూట గడవడం, ఈ రెండూ ఒక్కసారి కావాలని ఆడవాళ్ళు అడగడం ఇవాళ మొదలైంది కాదు. వందేళ్ళ పైమాటే. 1919లో అమెరికాలోని వాషింగ్టన్‌లో అంతర్జాతీయ కార్మిక సంస్థ మొదటి మహాసభ జరిగింది. ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్ళను కాన్పు తర్వాత ఆరు వారాలు పనిలో పెట్టకూడదని, సెలవు కాలంలో వాళ్ళకూ బిడ్డకూ సరిపడా డబ్బు అందాలని, పాలిచ్చే తల్లికి పని మధ్యలో విరామం ఉండాలని అక్కడ ఒప్పందం రాశారు. అప్పటి మన ఇంగ్లీషు ప్రభుత్వం దాన్ని అమలు చేయలేదు. కార్మిక నాయకుడు ఎన్.ఎం. జోషి 1924లో ఢిల్లీ శాసనసభలో బిల్లు పెడితే అదీ నెగ్గలేదు.

బొంబాయిలో మాత్రం కథ ముందుకు నడిచింది. అక్కడ బట్టల మిల్లుల్లో వేలమంది ఆడకూలీలు ఉండేవారు. 1928 జూలైలో బొంబాయి శాసన మండలిలో ప్రసూతి బిల్లు మీద చర్చ జరిగితే డాక్టర్ అంబేడ్కర్ లేచి దాన్ని సమర్థించారు. కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశం మొత్తానికి మేలు, కాబట్టి ఆ ఖర్చులో పెద్ద భాగం ప్రభుత్వమే భరించాలి అన్నది ఆయన వాదన. అలాగని యజమానిని వదిలిపెట్టలేదు. ఆడకూలీని పెట్టుకుని లాభపడుతున్నాడు గనక వాడూ కొంత భరించాలన్నారు. 1929లో చట్టం వచ్చింది. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. అక్కడ 1934లో ఇలాంటి చట్టమే చేశారు. అవి మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళ కోసం వచ్చినవి. పొలంలో నాట్లు వేసే మనిషి ఊసు వాటిలో లేదు.

గనుల సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. రక్షణ పేరుతో పొట్ట కొట్టడం ఎలా ఉంటుందో అక్కడ తెలుస్తుంది. బొగ్గు గనుల్లో మొగుడు తవ్వితే పెళ్ళాం తట్టలో ఎత్తి మోసేది. భూమి లోపల ఆడవాళ్ళు పనిచేయడం మంచిది కాదని 1929లో నిబంధనలు చేసి, పదేళ్ళలో వాళ్ళందరినీ బయటికి పంపించారు. పంపినవాళ్ళకు బదులు పని ఏమిటని ఆలోచించినవాళ్ళు తక్కువ. 1943లో యుద్ధానికి బొగ్గు కావలసి వచ్చేసరికి, మంచిది కాదన్న పనే మళ్ళీ మంచిదైపోయింది. నిషేధం ఎత్తేసి ఆడవాళ్ళను లోపలికి దింపారు. 1946లో మళ్ళీ పైకి పంపారు. గని కార్మికురాళ్ళ ప్రసూతి సాయం చట్టం 1941లో వచ్చింది నిజమే. కానీ ఏది ప్రమాదమో, ఏది కాదో అడిగి తెలుసుకోవలసిన మనిషిని ఎవరూ అడగలేదు. మన కేంద్రంలో మేము చేసిందీ ఇలాంటిదే కదా అని ఈ భాగం చదువుతుంటే మాకు అనిపించింది.

స్వాతంత్ర్యం తర్వాత, 1961లో దేశమంతటికీ ఒకే ప్రసూతి ప్రయోజనాల చట్టం చేశారు. పన్నెండు వారాల సెలవు, ఆ కాలానికి కూలి, సెలవులో ఉండగా పని తీసేయడానికి వీల్లేదు అన్నవి అందులో ముఖ్యమైనవి. అందరికీ సెలవు సంగతే తెలుసు. బరువు పనులు చేసేవాళ్ళకు దానికంటే ముందు అక్కరకొచ్చే మాట నాలుగో సెక్షన్‌లో ఉంది. కాన్పు తేదీకి ఆరు వారాల ముందు, దానికి ఇంకో నెల ముందు, అంటే దాదాపు పది వారాల ముందు నుంచి, ఆమె అడిగితే కష్టమైన పని గానీ, గంటల తరబడి నిలబడే పని గానీ, కడుపులో బిడ్డకు హాని చేసే పని గానీ చెప్పకూడదు. తేలిక పని ఇచ్చామని చెప్పి కూలి తగ్గించకూడదని 13వ సెక్షన్ చెబుతుంది. కాన్పు అయిన తర్వాతా, గర్భం పోయిన తర్వాతా ఆరు వారాలు ఆమెను పనిలో పెట్టుకోనే కూడదు. ఆమె వస్తానన్నా సరే.

చట్టంలో "ఆమె అడిగితే" అన్న మాట చిన్నదే. చిక్కంతా అక్కడే ఉంది. మేస్త్రీని ఎవరు అడుగుతారు? అడిగిన మర్నాడు "నీకు పని లేదు, వేరేవాళ్ళు వచ్చారు" అంటాడు. అందుకే కొంగు ముందుకు లాక్కుని, ఆరో నెల దాకా తెలియనీయకుండా తట్ట మోసినవాళ్ళు మన సంఘాల్లో ఎంతమంది లేరు! చట్టం రాసినవాళ్ళకు కూడా ఇది తట్టినట్టుంది. ఈ చట్టంలోని హక్కులను స్థానిక భాషలో రాసి, ఆడవాళ్ళు పనిచేసే ప్రతి చోటా అందరికీ కనబడేలా యజమాని అతికించాలని 19వ సెక్షన్ పెట్టారు. అలా అతికించిన కాగితాన్ని మేము ఒక్క చోట కూడా చూడలేదు.

చట్టం ఉన్నా లెక్క దగ్గర మోసం జరగొచ్చని తమిళనాడులో ఒక తోట కూలీ కేసు చెబుతుంది. పద్దు పుస్తకాలు రాసే మనకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కోయంబత్తూరు జిల్లాలోని ఆ తోటలో ఆమెకు పన్నెండు వారాల ప్రసూతి సెలవు ఇచ్చారు. పన్నెండు వారాలంటే 84 రోజులు. తోటవాళ్ళు పన్నెండు ఆదివారాలు తీసేసి 72 రోజులకే కూలి కట్టారు. ఆదివారం పని లేదు, కూలి లేదు అన్నది వాళ్ళ లెక్క. మిగిలిన పన్నెండు రోజుల కూలి కోసం ఆమె లేబర్ కోర్టుకు వెళ్ళింది. అక్కడి నుంచి హైకోర్టుకు, చివరికి సుప్రీంకోర్టుకు కేసు వెళ్ళింది. వారం అంటే ఏడు రోజులే, ఆదివారం కూడా లెక్కలోకి వస్తుంది అని 1977లో తీర్పు వచ్చింది. పన్నెండు రోజుల కూలి కోసం ఇంత దూరమా అని ఎవరైనా అంటారేమో. ఆ పన్నెండు రోజులు ఆమె ఒక్కదానివి కావు.

1988లో మరో మార్పు వచ్చింది. అంతకు ముందు ఏడాదిలో 160 రోజులు పనిచేసి ఉంటేనే ప్రసూతి సాయం ఉండేది. దాన్ని 80 రోజులకు తగ్గించారు. ఇవాళ పిలిచి రేపు మానిపించే దినకూలీలకు 160 దాటడం ఎక్కడ సాధ్యం? ఈ మార్పుతో రోజు కూలీల ముందు ఒక తలుపు తెరుచుకుంది. కానీ ఆ తలుపు దగ్గర ఇంకో పేచీ పెట్టారు. మన వ్యాసానికి పేరు తెచ్చిన కేసు అదే.

ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్‌లో రోడ్లు వేయడం, బాగుచేయడం, కందకాలు తవ్వడం లాంటి పనులకు చాలామంది ఆడవాళ్ళు ఉండేవారు. వాళ్ళది మస్టర్ రోల్ పని. మస్టరు అంటే మనకు ఉపాధి హామీ పనిలో హాజరు వేసే మస్టరే గుర్తొస్తుంది. అదీ ఇదీ ఒకటే పద్ధతి. ఏ రోజు పేరుంటే ఆ రోజుకే కూలి. ఏళ్ళ తరబడి అక్కడే పనిచేస్తున్నా వాళ్ళు పర్మినెంటు కారు. కార్పొరేషన్ పర్మినెంటు ఆడ ఉద్యోగులకు కాన్పు సెలవు ఇచ్చేది. కుర్చీలో కూర్చునేవాళ్ళకు సెలవు ఉంది, గడ్డపార పట్టేవాళ్ళకు లేదు. అక్కడి మున్సిపల్ కార్మికుల యూనియన్ ఈ విషయాన్ని పట్టుకుంది. 1996 ఏప్రిల్‌లో పారిశ్రామిక ట్రిబ్యునల్ కూలీల పక్షాన తీర్పు చెప్పింది. కార్పొరేషన్ ఒప్పుకోకుండా హైకోర్టుకు వెళ్ళింది, 1997లో ఓడిపోయింది. మళ్ళీ అప్పీలు చేసి 1998లో ఓడింది. సుప్రీంకోర్టుకు పోయింది.

వాళ్ళ వాదన ఒక్కటే: వీళ్ళు రెగ్యులర్ కాదు, చట్టం వీళ్ళకు వర్తించదు. 2000 మార్చి 8న జస్టిస్ సగీర్ అహ్మద్, జస్టిస్ వాధ్వా ఉన్న ధర్మాసనం ఆ వాదనను కొట్టేసింది. తేదీ చూడండి, మహిళా దినోత్సవం రోజే. చట్టంలో రెగ్యులర్ ఆడవాళ్ళకే అని ఎక్కడా రాసి లేదు, రోజు కూలి మీద మస్టరులో ఉన్నవాళ్ళకూ అది వర్తిస్తుంది అని తేల్చారు. పని దగ్గర న్యాయమైన, మనిషికి తగిన పరిస్థితులు ఉండాలని, ప్రసూతి సాయం ఉండాలని చెప్పే రాజ్యాంగం 42వ అధికరణాన్ని గుర్తు చేశారు. ప్రభుత్వం నుంచి నోటిఫికేషన్ తెప్పించుకొమ్మని, ఈలోగా వాళ్ళకు ప్రసూతి సాయం ఇస్తూ ఉండమని కార్పొరేషన్‌ను ఆదేశించారు. ట్రిబ్యునల్ తీర్పు నాటికి పాలు తాగే బిడ్డ సుప్రీంకోర్టు తీర్పు నాటికి అంగన్‌వాడీకి వెళుతూ ఉండి ఉంటుంది.

2017లో సెలవును 26 వారాలకు పెంచారు. ఇద్దరు పిల్లలు ఉన్నవాళ్ళకు తర్వాతి కాన్పుకు పన్నెండు వారాలే. యాభై మందికి పైగా పనిచేసే చోట పిల్లల కోసం క్రెష్ పెట్టాలన్నారు. పనిని బట్టి ఇంటి నుంచే పనిచేసే వీలు కూడా రాశారు. తట్ట మోసే పని ఇంటి నుంచి ఎలా చేయాలో రాయలేదు! ఈ చట్టాన్ని తర్వాత 2020 సామాజిక భద్రతా కోడ్‌లో కలిపారు. అది 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. సెక్షన్ నంబర్లు మారాయి గానీ, పైన చెప్పిన హక్కులు అందులోనూ ఉన్నాయి.

26 వారాల కూలి మొత్తం యజమాని నెత్తిన పెట్టడం మీద మాకు ఒక అనుమానం ఉంది. ఈఎస్ఐ ఉన్నచోట ఆ డబ్బు ఈఎస్ఐ నిధి నుంచి వస్తుంది కాబట్టి యజమానికి నొప్పి లేదు. లేనిచోట "ఆడమనిషిని పెట్టుకుంటే ఈ ఖర్చు మనకెందుకు" అనే ఆలోచన వస్తుంది. పెద్ద భాగం ప్రభుత్వం భరించాలని 1928లో అంబేడ్కర్ అన్న మాట మాకు ఇప్పటికీ సరైనదే అనిపిస్తోంది.

ఇక మనలో ఎక్కువమంది చేసేది పత్తి ఏరడం, నాట్లు, మిరపకాయ కోత. ఇవాళ ఒకరి చేను, రేపు ఇంకొకరిది. మస్టరూ లేదు, 80 రోజులూ లేవు. అక్కడికి ఈ చట్టం రాదు. గర్భిణికి కనీసం 6,000 రూపాయలు ఇవ్వాలని 2013 ఆహార భద్రత చట్టం చెప్పింది. 2017 మాతృ వందన పథకంలో మొదటి కాన్పుకు అది 5,000 అయింది. ఆ డబ్బు ఎన్ని రోజుల కూలికి సమానమో లెక్క మీకు మేము చెప్పనక్కర్లేదు. కట్టడం పనులకు పోయేవాళ్ళు మాత్రం 1996 చట్టం కింద ఏర్పడిన సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకుని ఉంటే ప్రసూతి సాయం అడగొచ్చు. కార్డు రెన్యువల్ అయిందో లేదో చూసుకోండి. సాయం ఆగిపోయేది ఎక్కువగా అక్కడే.

మళ్ళీ మన కొనుగోలు కేంద్రం దగ్గరికి వద్దాం. అది సీజనుకు నెలన్నర నడుస్తుంది. ఎవరికీ 80 రోజులు రావు కాబట్టి సెలవు కూలి మన మీద పడదని మొదట అనుకున్నాం. కానీ బరువు పని తప్పించమని అడిగే హక్కుకు 80 రోజుల షరతు లేదు. పదిమందికి పైగా పనిచేసే చోటు నడుపుతూ ఇది మాకు వర్తించదు అనే ధైర్యం మాకు లేదు. ఆ రోజు ఆమెను ఇంటికి పంపకుండా తేమ చూసే మిషను దగ్గరో, టోకెన్లు రాసే బల్ల దగ్గరో కూర్చోబెట్టి అదే కూలి ఇవ్వొచ్చు. ఆ పని అప్పుడు ఉంది కూడా.

ఆమె బాకీ మీద వేసిన జరిమానాను గ్రామ సంఘం తీర్మానం చేసి తీసేసింది. ఆమెకు పోయిన కూలి ఇంకా ఇవ్వలేదు. అది కేంద్రం కమీషన్ నుంచి ఇవ్వాలా, సమాఖ్య నిధి నుంచా అన్నదాని మీద కార్యవర్గం రెండుగా చీలింది. రాబోయే సర్వసభ్య సమావేశం ఎజెండాలో అది నాలుగో అంశం. గర్భిణుల హక్కుల కాగితం తెలుగులో రాయించి కాంటా పక్కన గోడకు అతికించాం. వానకు తడవకుండా ప్లాస్టిక్ కవరు తొడిగాం.