మూడు భాషల మధ్య మరుగున పడే డిస్లెక్సియా: ఆవడి ఇంజినీరింగ్ తరగతి గది నేపథ్యంలో ఒక పరిశీలన

ఆవడి పేరు చెబితే పాతతరానికి 1955 నాటి కాంగ్రెస్ మహాసభ, తర్వాతి తరానికి యుద్ధట్యాంకుల కర్మాగారం గుర్తుకొస్తాయి. చెన్నై పశ్చిమ శివారులోని ఈ ఊరు ఇప్పుడు ఇంజినీరింగ్ చదువులకూ నెలవు. వేల్‌టెక్, సెయింట్ పీటర్స్ వంటి డీమ్డ్ విశ్వవిద్యాలయాలు ఇక్కడివే. సరిహద్దు దాటి వచ్చిన ఆంధ్ర విద్యార్థులూ, తిరువళ్లూరు, తిరుత్తణి వైపు స్థానిక తెలుగు కుటుంబాల పిల్లలూ ఈ ప్రాంతపు కాలేజీల్లో కనిపిస్తారు. పాఠం ఇంగ్లీషులో, బస్సులోనూ మెస్‌లోనూ తమిళం, ఇంటికి ఫోన్ చేస్తే తెలుగు. ఇలాంటి చోట చదవడం, రాయడంలో పుట్టుకతో వచ్చిన ఇబ్బంది (డిస్లెక్సియా) ఉన్న విద్యార్థికి ‘తెలుగు మీడియం, ఇంగ్లీషు రాదు’ అని ముద్ర వేసెయ్యడం తేలిక. అందుకే ధ్రువపత్రం చూపితేనే వెసులుబాటు అనే పద్ధతి ఇక్కడ చాలదని ఈ వ్యాసం వాదన.

తెలుగులో అక్షరానికీ ధ్వనికీ పొంతన గట్టిది. గుణింతాలూ వత్తులూ వంటబట్టడానికి ఏళ్లు పట్టినా, ఒకసారి వచ్చాక ఎంత కొత్త మాటనైనా కూడబలుక్కుని చదవవచ్చు. తెలుగు లిపికి తోబుట్టువైన కన్నడ లిపి మీద సొనాలి నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనం, అక్షరాలన్నీ పట్టుబడడం ప్రాథమిక తరగతుల పొడవునా సాగే పని అని చూపింది. ఇంగ్లీషు దారి వేరు. ‘దో’, ‘త్రూ’, ‘టఫ్’ అనే మాటలు మూడింటికీ చివరి నాలుగక్షరాలు ఒకటే. పలికేది మూడు రకాలుగా. పౌలేసు బృందం 2001లో ఇటాలియన్, ఫ్రెంచ్, ఇంగ్లీషు చదివే వయోజనులను పోల్చి చూసింది. డిస్లెక్సియా ఉన్న మూడు భాషలవారి మెదడులోనూ తేడా ఒకేచోట కనిపించింది. కానీ నిలకడైన లిపి ఉన్న ఇటాలియన్లు తప్పులు తక్కువగా చదివారు. అంతకు రెండేళ్ల ముందు వైడెల్, బటర్‌వర్త్ వర్ణించిన కుర్రవాడి కథ ఇంకా విచిత్రం: జపాన్‌లో పెరిగిన అతనికి ఇంగ్లీషు చదవడంలో డిస్లెక్సియా, జపనీసు చదవడంలో ఏ లోటూ లేదు.

ఈ ఫలితాలను తెలుగు విద్యార్థికి నేరుగా అంటగట్టలేం. అయినా ఒక పరికల్పనకు ఇవి చాలు. తెలుగులో నెమ్మదిగానైనా తప్పుల్లేకుండా చదువుతూ ఎవరికీ అనుమానం రాకుండా పది దాటిన విద్యార్థి, బీటెక్ మొదటి సంవత్సరంలో ఇంగ్లీషు పాఠ్యపుస్తకం ముందు తొలిసారి బోల్తాపడవచ్చు. అప్పుడు అధ్యాపకుడికి కనిపించేది భాష. అసలు కారణం భాష అవునో కాదో తేల్చుకోవాలంటే ఆ విద్యార్థి చేత తెలుగు పేరా ఒకటి కూడా చదివించి వేగం చూడాలి. బ్రిడ్జ్ కోర్సులో పది నిమిషాల పని అది.

చట్టం వైపు చూస్తే, 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడుగా ఉన్న వైకల్యాలు 2016 చట్టంలో 21 అయ్యాయి. ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు అందులో చేరాయి. ఏకాగ్రత నిలవని ఏడీహెచ్‌డీకి విడిగా చోటు దక్కలేదు. ఉన్నత విద్యలో 5 శాతం సీట్ల నియమం ప్రభుత్వ, ఎయిడెడ్ సంస్థలకే వర్తిస్తుంది. ఈ చట్టం కింద 2018లో వచ్చిన మార్గదర్శకాలు అభ్యసన వైకల్య ధ్రువపత్రం ఎనిమిదేళ్లు నిండాకే ఇవ్వాలన్నాయి. 14 ఏళ్లకూ 18 ఏళ్లకూ మళ్లీ పరీక్షించాలన్నాయి. 18లో ఇచ్చినది జీవితాంతం చెల్లుతుందన్నాయి. సరిగ్గా ఆ 18వ ఏటే పిల్లవాడు ఇల్లు వదిలి, పరాయి రాష్ట్రపు హాస్టల్లో చేరుతున్నాడు. ఏ ఆసుపత్రికి వెళ్లాలో, ఏ భాషలో పరీక్షిస్తారో చెప్పే మనిషి పక్కన ఉండడు.

న్యాయస్థానం చట్టం కంటే ఒక అడుగు ముందుంది. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో, 40 శాతం వైకల్యం లేదన్న కారణంతో లేఖకుణ్ణి నిరాకరించడం కుదరదని సుప్రీంకోర్టు తేల్చింది. అదే ఏడాది నవంబరులో, డిస్‌గ్రాఫియా (చేతిరాతలో ఇబ్బంది) ఉన్న విద్యార్థినికి నీట్‌లో గంట అదనపు సమయం ఇవ్వకపోవడాన్ని తప్పుపట్టింది. రెండు తీర్పులూ విలువైనవే, రెండూ పరీక్ష హాలుకు సంబంధించినవే. విద్యార్థి నష్టపోయేది మాత్రం అంతకు ముందే, సెమిస్టరు పొడవునా.

ల్యాబ్ రికార్డునే తీసుకోండి. గీతల పేజీలో ఉద్దేశం, పరికరాలు, విధానం, ఫలితం. ఎదుటి తెల్లపేజీలో సర్క్యూట్ బొమ్మ. విధానమంతా మాన్యువల్లో అచ్చయి ఉన్నదే. దాన్ని చేతిరాతతో దించి సంతకం పెట్టించుకోకపోతే మరుసటి ప్రయోగానికి రానివ్వని చోట్లున్నాయి, చివరి ప్రాక్టికల్‌కు కూర్చోనివ్వని చోట్లూ ఉన్నాయి. డిస్‌గ్రాఫియా ఉన్నవాడికి ఒక్కో రికార్డు ఒక్కో రాత్రి. ఆ రాత్రి అతను నేర్చుకున్నది సున్న. పరీక్షలో ఇచ్చే అదనపు గంట ఆ రాత్రులను తిరిగి ఇవ్వదు. కొలవాల్సింది సర్క్యూట్ అవగాహన అయితే విధానం టైపు చేసినా, నోటితో చెప్పినా సరిపోవాలి. రీడింగుల పట్టిక, గ్రాఫు మాత్రం విద్యార్థివే కావాలి. అక్కడ సడలింపు ఇస్తే చదువే పలచనవుతుంది. అమెరికాలో 1984లో ఏర్పడిన కాస్ట్ సంస్థ రూపొందించిన సార్వత్రిక అభ్యసన రూపకల్పన చెప్పేదీ ఇదే: లక్ష్యాన్ని కదపకుండా, చేరే దారులు పెంచడం. ఆ చట్రం మార్కులు ఎంత పెంచుతుందన్న దానిపై గట్టి ఆధారాలు ఇంకా తక్కువే. అయినా రికార్డు విషయంలో ఆధారాల కోసం ఎదురుచూడక్కర్లేదు, ఇంగితం చాలు.

ఈ దారులు పెంచడం డిస్లెక్సియాకే పరిమితం కాదు. ఆటిజం ఉన్న విద్యార్థికి వైవాలో ప్రశ్న మీద ప్రశ్న సంధించడం పెద్ద అడ్డంకి. ఒక ప్రశ్న అడిగి ఆగాలి. వైవా ఎలా సాగుతుందో ముందే కాగితం మీద ఇవ్వాలి. ఏడీహెచ్‌డీ ఉన్నవారికి సెమిస్టరు చివర ఒకే పెద్ద ప్రాజెక్టు గడువు కంటే రెండు వారాలకొక చిన్న గడువు మేలు. అధ్యాపక శిక్షణల్లో మాత్రం ఇలాంటి పనికొచ్చే వివరాలకు బదులు ‘చూసి నేర్చేవారు, విని నేర్చేవారు’ అనే స్లైడు ఇంకా తిరుగుతోంది. ఆ విభజన ప్రకారం బోధిస్తే మేలు జరుగుతుందనడానికి తగిన ఆధారం లేదని పాష్లర్ బృందం 2008లోనే తేల్చింది.

తిరుత్తణిలో తెలుగు కుటుంబంలో 1888లో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షత వహించిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్, ఒకే ఒక్క సంస్కరణ సూచించమంటే పరీక్షలనే సంస్కరించమంటామని 1949 నివేదికలో చెప్పింది. అనుబంధ కళాశాలలకు పరీక్షల విషయంలో చేతులు కట్టేసి ఉంటాయి. ఆవడిలోని డీమ్డ్ సంస్థలకు ఆ సాకు లేదు. సిలబస్, ఇంటర్నల్స్, ప్రశ్నపత్రం మూడూ వారి చేతిలోవే. రికార్డు నియమం మార్చడానికి అకడమిక్ కౌన్సిల్ తీర్మానం ఒక్కటి చాలు.