గోదావరి పంపకం: తీర్పు కన్నా ముందే కుదిరిన మాట

1969 ఏప్రిల్ 10న కేంద్ర ప్రభుత్వం రెండు ట్రిబ్యునళ్లు వేసింది. ఒకటి కృష్ణకు, ఇంకొకటి గోదావరికి. రెండింటికీ అధ్యక్షుడు జస్టిస్ ఆర్.ఎస్. బచావతే. కృష్ణ నీళ్లను ట్రిబ్యునల్ పంచింది. గోదావరి నీళ్లను మాత్రం చాలావరకు రాష్ట్రాలే మాట్లాడుకుని పంచుకుని, ఆ కాగితాలు తీసుకెళ్లి ట్రిబ్యునల్ ముందు పెట్టాయి. బచావత్ పేరెత్తగానే మనకు కృష్ణే గుర్తొస్తుంది. రాజీ ఎలా కుదురుతుందో, ఎక్కడ బీటలు వారుతుందో తెలుసుకోవాలంటే చదవాల్సింది గోదావరి కథ.

ఈ ప్రయత్నానికి ముందే ఒకటి విఫలమైంది. 1951 జూలైలో ప్రణాళికా సంఘం ఢిల్లీలో సమావేశం పెట్టి, కృష్ణా గోదావరుల నీళ్లను అప్పటి బొంబాయి, మద్రాసు, హైదరాబాద్, మధ్యప్రదేశ్ రాష్ట్రాల మధ్య సర్దింది. కృష్ణ పంపకాన్ని మైసూరు ఆమోదించలేదు. గోదావరి చర్చకైతే ఒరిస్సాను పిలవనేలేదు. గోదావరి ఉపనది శబరి ఆ రాష్ట్రం నుంచే దిగివస్తుందని తెలిసీ పిలవలేదు. తర్వాత అయిదేళ్లకే రాష్ట్రాల సరిహద్దులు మారిపోయి, ఒప్పుకున్న వాటిలో హైదరాబాద్ రాష్ట్రం లేకుండానే పోయింది. ఆ కాగితం ఎవరినీ కట్టిపడేయలేకపోయింది. అంతర్రాష్ట్ర నదీ జలాల వివాదాల చట్టం 1956లో వచ్చింది. మాటలతో తెగకపోతేనే ట్రిబ్యునల్‌కు పంపాలని అందులో ఉంది.

కృష్ణ విషయంలో మాటలతో తెగలేదు. 1973 డిసెంబరులో ట్రిబ్యునల్ 2,060 టీఎంసీలను లెక్కలోకి తీసుకుని మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800 కేటాయించింది. ఎవరికీ తృప్తి లేదు. ఆ అనుభవం కళ్లముందు ఉండటమే గోదావరి వాటాదారులను బల్ల దగ్గరికి తెచ్చిందని నా నమ్మకం. ఇంకో కారణాన్నీ దాచకుండా చెప్పాలి. మాటలు ఊపందుకున్న 1975 ద్వితీయార్ధం అంటే ఎమర్జెన్సీ కాలం. ఇక్కడ జలగం వెంగళరావు, మహారాష్ట్రలో ఎస్.బి. చవాన్, కర్ణాటకలో దేవరాజ్ అర్స్, ఒరిస్సాలో నందినీ శతపథి ముఖ్యమంత్రులు. మధ్యప్రదేశ్‌తో కలిపి అంతటా కాంగ్రెస్సే. వీధిలో అడిగేవాళ్లు లేని రోజుల్లో సంతకాలు తేలిక. ఆ తేలికకు మూల్యం ఎవరు చెల్లించారో తర్వాత చూద్దాం.

మాట్లాడుకున్న పద్ధతి మాత్రం నిజంగా తెలివైనది. అయిదు రాష్ట్రాలూ ఒకేసారి నదినంతా పంచుకోవాలని కూర్చుంటే ఎప్పటికీ తెగేది కాదు. ఇద్దరిద్దరుగా కూర్చున్నారు. అన్నదమ్ములు పొలం పంచుకునేటప్పుడు గట్టు గట్టుకీ మాట్లాడుకున్నట్టు, ఉపనది ఉపనదికీ ఎక్కడిదాకా ఎవరు వాడుకోవచ్చో రాసుకున్నారు. కృష్ణలో లాగా రాష్ట్రానికి ఇన్ని టీఎంసీలని మొత్తం అంకె వేయలేదు. ఎగువవాళ్లకు రాసిచ్చింది పోగా మిగిలింది దిగువనున్న ఆంధ్రప్రదేశ్‌ది.

ఒక్క కాగితం దగ్గరగా చూద్దాం. 1975 అక్టోబర్ 6న మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్ రాసుకున్నది. గోదావరి మీద పైఠాన్ డ్యామ్ వరకు, పూర్ణ మీద సిద్ధేశ్వర్ డ్యామ్ వరకు ఉన్న నీళ్లన్నీ మహారాష్ట్రవి. అక్కడి నుంచి పోచంపాడు దాకా వచ్చే నీళ్లలో కొత్త ప్రాజెక్టులకు మహారాష్ట్ర 60 టీఎంసీలకు మించి వాడకూడదు. అంతే షరతు. చాలా ఏళ్ల తర్వాత మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలో బాబ్లీ బ్యారేజీ కట్టింది. అది పోచంపాడు జలాశయం ముంపులోనే ఉందని ఆంధ్రప్రదేశ్ సుప్రీంకోర్టుకెక్కింది. 2013 ఫిబ్రవరి 28న కోర్టు ఇదే ఒప్పందాన్ని ముందు పెట్టుకుని తీర్పిచ్చింది. బాబ్లీలో 2.74 టీఎంసీలు నిలుపుకోవచ్చు, అవి 60 టీఎంసీల్లో భాగమే. జూలై 1 నుంచి అక్టోబర్ 28 దాకా గేట్లు ఎత్తి ఉంచాలి. మార్చి 1న 0.6 టీఎంసీ కిందికి వదలాలి. చూసుకోవడానికి ముగ్గురు సభ్యుల కమిటీ. పోచంపాడు ఆయకట్టు రైతులకు భయం పూర్తిగా పోలేదు, నిజమే. కానీ ఏటా గేట్లు ఎత్తే తారీఖు అందరికీ తెలుసు.

తర్వాతి పెద్ద మలుపు 1978 ఆగస్టు 4 నాటి ఒప్పందంతో వచ్చింది. పోలవరం ప్రాజెక్టు నుంచి 80 టీఎంసీల గోదావరి నీటిని కృష్ణలోకి మళ్లిస్తే, అంతమేరకు నాగార్జునసాగర్ ఎగువన కృష్ణ నీళ్లు మిగులుతాయి. ఆ మిగులులో 45 ఆంధ్రప్రదేశ్‌కు, 21 కర్ణాటకకు, 14 మహారాష్ట్రకు. కేంద్ర జలసంఘం పోలవరానికి అనుమతి ఇచ్చిన రోజు నుంచే, నీళ్లు నిజంగా మళ్లినా మళ్లకపోయినా, ఎగువవాళ్లకు ఆ 35 వాడుకునే హక్కు వస్తుంది. దిగువవాడు ప్రాజెక్టు ఆలస్యం చేసి ఎగువవాడి వాటా ఎగ్గొట్టే దారి ఇలా మూసేశారు. ఇన్ని ఒప్పందాల్లో ఇంత దూరదృష్టి ఉన్న షరతు నాకింకోటి కనబడలేదు.

1980 ఏప్రిల్ 2న పోలవరం పూర్తి నీటిమట్టం 150 అడుగులని మధ్యప్రదేశ్, ఒరిస్సా, ఆంధ్రప్రదేశ్ ఒప్పుకున్నాయి. జూలై 7న ట్రిబ్యునల్ తుది ఉత్తర్వు వచ్చింది. దాంతో పంపకం ముగిసింది.

ఆ 150 అడుగుల కింద మునిగే కోయ, కొండరెడ్డి గూడేల నుంచి ఒక్క మనిషి కూడా ఆ బల్ల దగ్గర లేడు. 1951లో ఒరిస్సాను పిలవకపోతే ఒప్పందం కూలింది. ఆదివాసులను పిలవకపోతే మాత్రం కూలలేదు. వాళ్లకు ఒప్పందాన్ని ఆపే బలం లేదు కాబట్టే పిలవలేదు. తర్వాత పోలవరం మీద ఒడిశా కోర్టుకెక్కింది. ముంపు గ్రామాలున్న మండలాలను 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిపేటప్పుడూ అక్కడివాళ్లను అడిగింది లేదు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. కూనవరం, వరరామచంద్రపురం, చింతూరు మండలాల జనం ఇళ్లు నీళ్లపాలై గుట్టలెక్కారు. పునరావాసం అందని కుటుంబాలు నేటికీ ఉన్నాయి.

రాష్ట్రం విడిపోయాక 1978 కాగితంలోని ఆ 45 టీఎంసీలు ఎవరివన్న తగాదా మొదలైంది. సాగర్ ఎగువన వాడుకోవాల్సినవి కాబట్టి తమవేనని తెలంగాణ అంటుంది, ఆంధ్రప్రదేశ్ కాదంటుంది. 2016 ఆగస్టు 23న ముంబైలో గోదావరి ప్రాజెక్టుల్లో మేడిగడ్డ బ్యారేజీ పూర్తి నీటిమట్టం 100 మీటర్లని, తుమ్మిడిహట్టిది 148 మీటర్లని తెలంగాణ, మహారాష్ట్ర సంతకాలు చేసుకున్నాయి. అదీ పాత పద్ధతే, ఇద్దరిద్దరుగా కూర్చోవడం. రెండు తెలుగు రాష్ట్రాల మధ్య మాత్రం ఆ 45 టీఎంసీల మీద అలాంటి కాగితం ఇంకా పడలేదు.